కాగితం అడుగున ఒక వాక్యం

జూలై 10, బుధవారం

అమ్మమ్మా,

ఫోను చేస్తే ఎత్తవు. ఎత్తినా "రాసి పంపు, రికార్డులో ఉంటుంది" అని పెట్టేస్తావు. అందుకని రాస్తున్నాను.

ముందు చెడ్డ కబురు. డిగ్రీలో ఒక కొత్త భాష తప్పనిసరిగా తీసుకోవాలని చెప్పాను కదా. నేను ఆఫీసు కిటికీ దగ్గరికి చేరేసరికి అందరూ ఎగబడే భాషలన్నీ నిండిపోయాయి. గుమాస్తా తల ఎత్తకుండా "మలయ్ ఉంది, రాసుకోనా?" అన్నాడు. రాసుకోమన్నాను. అంతే, నా చదువు అలా నిర్ణయమైపోయింది.

తొమ్మిది మందిమి ఉన్నాం. మా గది వరండా చివర ఉంటుంది. ఒకప్పుడు విరిగిన కుర్చీలు పడేసే గదట, ఇప్పటికీ రెండు కుర్చీలకు మూడేసి కాళ్ళే. ఇంగ్లీషు అక్షరాలతోనే రాస్తారు కాబట్టి చదవడం మొదటి రోజే వచ్చేసింది. అర్థం కావడమే మిగిలింది. అర్థం కానప్పుడు అందరం "యా, యా" అంటాం. యా అంటే అవును. అలా అంటే టీచరుగారు పక్కవాళ్ళ మీదికి వెళ్ళిపోతారు.

నాకు బాగా నచ్చిన మాట "బెలుమ్". ఇంకా లేదు అని అర్థం. భోంచేశావా అంటే లేదనకూడదు, బెలుమ్ అనాలి. టీచరుగారు వరసగా అడుగుతూ నా దగ్గరికి వచ్చి "మీ అమ్మమ్మ పోయారా?" అన్నారు. నేను "తిదాక్" అన్నాను, అంటే లేదు అని. క్లాసంతా ఒకటే నవ్వు. అక్కడా బెలుమ్ అనే అనాలట! కోప్పడకు.

ఇక్కడ ఇంకో పద్ధతి ఉంది. బుధవారం సాయంత్రం ఊళ్ళో ఆ భాష వచ్చినవాళ్ళు ఎవరైనా వచ్చి మా పక్కన కూర్చుని మాట్లాడించవచ్చు. ఇవాళ నా పక్కన కూర్చున్నది ఒక ముసలాయన. ఇస్త్రీ చొక్కా, నల్ల గొడుగు. చాలా ఏళ్ళు ఓడల మీద పనిచేశారట, అందుకని మేమంతా ఓడ తాతగారు అంటున్నాం. ఆయనకి ఎంత ఓపికో! ఒక్కో మాట నాతో పదిసార్లు అనిపించారు. మొదటి పాఠం ప్రశ్నలు వెనక రాశాను చూడు.

ముద్దులతో,
నీ పిచ్చుక


జూలై 15, సోమవారం

పిచ్చుకకు,

దీవెనలు. కార్బను పెట్టి రాస్తున్నాను. రేపు "నువ్వలా అనలేదు" అనడానికి వీల్లేదు.

నేను పోయానా అని మళ్ళీ ఎవరైనా అడిగితే నిక్షేపంగా బెలుమ్ అని చెప్పు. కోపం దేనికి? మనవాళ్ళయితే "అయ్యో, ఆవిడకేం, గుండ్రాయిలా ఉంది" అంటారు. అది హామీ. అంత హామీ ఇవ్వడానికి వీళ్ళెవరు? బెలుమ్ అన్నది సాక్ష్యం. ఆ భాష మాట్లాడేవాళ్ళు ఎవరో గాని బోనులో నిలబడితే తడబడరు.

నీ మొదటి పాఠం చూశాను. నీ పేరేమిటి, ఎక్కడ ఉంటావు, ఇంట్లో ఎంతమంది, ఎవరు ఏ వేళకు ఏం చేస్తారు. ముప్పై రెండేళ్ళు కోర్టులో వాంగ్మూలాలు టైపు కొట్టినదాన్ని, ఈ వరస నాకు తెలియనిదా? పోలీసు, దొంగ, పెళ్ళిళ్ళ పేరయ్య, భాషలు నేర్పే టీచరు. నలుగురూ ఇవే అడుగుతారు, ఇదే వరసలో అడుగుతారు. తేడా అంతా జవాబు తీసుకుని ఏం చేస్తారన్న దాంట్లోనే ఉంది.

నా అనుభవం ఒకటి చెబుతాను, మార్కులకు పనికి రాకపోయినా ఒంటికి పనికొస్తుంది. సాక్షి అడిగినదానికి జవాబు చెప్పి ఊరుకోడు. ఒక వాక్యం ఎక్కువ చెబుతాడు. ఎవరూ అడగని ఆ వాక్యం మీదే కేసు పోతుంది. నీది చిన్నప్పటినుంచీ వాగుడు నోరు, అందుకని చెబుతున్నాను.

ఓడ తాతగారికి ఇస్త్రీ చొక్కా ఉందన్నావు, గొడుగు ఉందన్నావు. పేరుందా?

పెరటి తలుపు గడియ మళ్ళీ పడటం లేదు. వడ్రంగి రేపు వస్తానంటున్నాడు. వాడి రేపు ఎప్పుడో మీ బెలుమే చెప్పాలి.

మీ అమ్మమ్మ


జూలై 25, గురువారం

అమ్మమ్మా,

నువ్వు తిట్టేలోపు నేనే ఒప్పుకుంటున్నాను. సెలవుల్లో వచ్చినప్పుడు నీ ఆల్బమ్‌లోంచి ఒక ఫోటో తెచ్చుకున్నాను. కోర్టు వరండాలో టైపు మిషను ముందు కూర్చుని, ఎవరినో కరవబోతున్నట్టు చూస్తున్నావే, అది. "నా కుటుంబం" అని రాసిన వ్యాసంతోపాటు ఫోటో కూడా గోడ బోర్డు మీద పెట్టాలన్నారు. అందరూ అమ్మానాన్నలవి పెట్టారు. నాకు నువ్వే గుర్తొచ్చావు.

నా వ్యాసానికి తొమ్మిది మందిలోనూ ఎక్కువ మార్కులొచ్చాయి! నీకోసం తెలుగులో రాస్తున్నాను. "నాకు ఒక అమ్మమ్మ. అమ్మమ్మ కోర్టులో టైపు కొట్టింది. అమ్మమ్మ ఇల్లు చిన్నది. ఇంటికి రెండు తలుపులు. వెనక తలుపు పాడైంది. అమ్మమ్మ రెండు నుంచి నాలుగు దాకా నిద్రపోతుంది. ఇంట్లో వేరే ఎవరూ లేరు." తలుపు సంగతి నీ ఉత్తరం చూసి చేర్చాను. "పాడైంది" అన్న మాట ఆ వారమే నేర్చుకున్నాం, ఎక్కడైనా వాడాలి కదా. పైన వీధి పేరూ ఇంటి నంబరూ రాయడం కూడా ఆ పాఠంలోదే.

ఓడ తాతగారు ఆ ఫోటో ముందు చాలాసేపు నిలబడ్డారు. గొడుగు చేతిలోనే ఉంది, కూర్చోనేలేదు. తర్వాత నా దగ్గరికి వచ్చి మలయ్‌లో చాలా నెమ్మదిగా, నాకు అర్థమయ్యేలా, ఒక్కటే అడిగారు. "ఆ మిషనులో కాగితం ఉంది. దాని మీద ఏముంది?" నాకేం తెలుసు! "తెలియదు" అన్నాను. "మీ అమ్మమ్మకు తెలుసు" అన్నారు.

పేరు అడిగాను. నవ్వి, "తాత" అన్నారు.

పిచ్చుక


ఆగస్టు 1, గురువారం

పిచ్చుకకు,

దీవెనలు ఈసారి సగమే. మిగతా సగం నువ్వు సంపాదించుకోవాలి.

బీరువా తాళం క్యాలెండరు వెనక మేకుకు ఉంటుందని కూడా రాయలేకపోయావా? వ్యాసం ఎందుకు అసంపూర్తిగా వదిలావు? ఒంటరి ముసలిది, పాడైన తలుపు, నిద్రవేళ, వీధి, నంబరు. ఇంత చక్కటి ఫిర్యాదు పోలీస్ స్టేషన్లో కూడా రాయరు. అక్కడ దొంగతనం జరిగాక రాస్తారు, నువ్వు ముందే రాసిచ్చావు.

సరే, వెటకారం కట్టిపెడతాను. మన ఇంటి ఎదురు కొట్టులో బట్టలు కుట్టే మిషనాయనకు గురువారం సెలవని నీకు తెలుసుగా. కొట్టు మూసి ఉంటుంది, బయట బల్ల ఖాళీగా ఉంటుంది. పోయిన గురువారం ఆ బల్ల మీద ఒక మనిషి కూర్చున్నాడు. ఎవరో నీడకు కూర్చున్నారనుకున్నాను. ఇవాళ రెండింటికి మళ్ళీ వచ్చాడు. నాకు నిద్ర పట్టక కిటికీ తెర సందులోంచి చూస్తూనే ఉన్నాను. పేపరు చదవలేదు, ఫోను చూడలేదు, దగ్గనైనా దగ్గలేదు. నాలుగు కొట్టగానే లేచి మన గేటు దాకా వచ్చాడు. గేటు మీద చెయ్యి వేశాడు. వేసి, తీసేసి, వెళ్ళిపోయాడు. ఒళ్ళు మండే ఎండ. చేతిలో నల్ల గొడుగు ఉంది, విప్పలేదు.

మీ ఊరినుంచి ఇక్కడికి మూడు గంటల బస్సు. బుధవారం అక్కడ పాఠం చెప్పి గురువారం ఇక్కడికి రావడం పెద్ద కష్టం కాదు.

గొడుగు ఒక్కటే సాక్ష్యం కాదని నాకూ తెలుసు. కాని నువ్వు వెంటనే చేయవలసిన పని ఒకటుంది. అబద్ధమాడు. మా మేనమామ పోలీసు, అమ్మమ్మ ఇంట్లోనే ఉంటాడు, కుక్క కూడా ఉంది అని చెప్పు. ఫోటో బోర్డు మీదనుంచి తీసి పెట్టెలో పెట్టు.

వడ్రంగి రాలేదు.

మీ అమ్మమ్మ


ఆగస్టు 8, గురువారం

అమ్మమ్మా,

నీ ఉత్తరం చదివి మొన్నంతా ఏడ్చాను. ఆ తర్వాత కోపమొచ్చింది. ముప్పై రెండేళ్ళు కోర్టులో కూర్చుంటే లోకంలో అందరూ ముద్దాయిల్లాగే కనిపిస్తారేమో. నల్ల గొడుగులు ఈ ఊళ్ళో వెయ్యి ఉంటాయి.

అయినా నీ మాట కాదనలేక నిన్న అబద్ధం ప్రయత్నించాను. రావట్లేదు అమ్మమ్మా! కొత్తగా నేర్చుకునే భాషలో ఉన్నదే చెప్పగలం. లేనిదాన్ని చెప్పాలంటే ఎన్ని మాటలు కావాలో! "మామయ్య పోలీసు" అన్నాను. "ఎక్కడ పని? ఎన్నేళ్ళు? ఏ వేళకు ఇంటికి వస్తాడు?" అన్నారు ఓడ తాతగారు. నాలుగో ప్రశ్నకు నాకు మాటలు అయిపోయాయి. "యా, యా" అన్నాను. ఆయన నవ్వలేదు. "అర్థం కాకుండా యా అనకు" అన్నారు. అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు.

ఫోటో తీద్దామని వెళితే బోర్డు మీద లేదు. నాలుగు పిన్నులూ ఉన్నాయి. టీచరుగారు వెతుకుదామన్నారు.

ఆయన ఇప్పుడు నాకు వారానికి ఒక డిక్టేషన్ ఇస్తున్నారు. చిన్న చిన్న వాక్యాలు, నాలాంటివాళ్ళకోసమే అల్లిన కథ. "ఒక కుర్రాడు ఓడ మీద వచ్చాడు. అతనికి ఇక్కడి భాష రాదు. గోదాము కాలింది. కాపలావాడు చనిపోయాడు. అతన్ని అడిగారు. అతను యా అన్నాడు. మళ్ళీ అడిగారు. యా అన్నాడు." ఒక్కో వాక్యం రాశాక ఆయన నాకు చదివి వినిపించి "బెతుల్?" అని అడుగుతారు. సరిగ్గా ఉందా అని. నేను బెతుల్ అన్నాకే తర్వాతి వాక్యం. తప్పైతే "సాలా" అంటాం. ఇంత శ్రద్ధగా చెప్పే మనిషిని నువ్వు దొంగంటావు.

కథ చివర ఏమవుతుందని అడిగాను. "బెలుమ్" అన్నారు.

పిచ్చుక


ఆగస్టు 16, శుక్రవారం

పిచ్చుకకు,

నిన్న గురువారం. నాలుగింటికి లేచి చూస్తే ఎదురు బల్ల ఖాళీగా ఉంది. హమ్మయ్య అనుకుని టీ పెట్టుకుందామని వెనక్కి వెళ్ళాను. పెరటి తలుపుకు లోపలి పక్క, గడియ మీద, నా ఫోటో నిలబెట్టి ఉంది.

లోపలి పక్క అన్నాను. ఇంకోసారి చదువుకో.

ఏమీ పోలేదు. ఏదీ కదల్లేదు. ఫోటో వెనక పెన్సిలుతో రెండు మాటలున్నాయి. అక్షరాలు నాకు వచ్చినవే, ముప్పై రెండేళ్ళు వాటి మీదే వేళ్ళు అరగదీసుకున్నాను. పైకి చదివితే "తొలొంగ్ బాచాకన్" అని వస్తోంది. పైకి ఎందుకు చదివానా అనిపించింది. ఆ మాటలు నేను ఇదివరకు విన్నాను.

రెండు సంగతులు తెలుసుకుని రాయి. ఆ మాటలకు అర్థం ఏమిటి? బుధవారం వచ్చేవాళ్ళు హాజరు పుస్తకంలో సంతకం పెడతారు గదా, అతని సంతకం కింద గీతలున్నాయా, ఎన్ని?

మిగతాది తర్వాత.

మీ అమ్మమ్మ


ఆగస్టు 22, గురువారం

ప్రియమైన దొంగ అమ్మమ్మా,

ఇప్పుడు అర్థమైంది! తొలొంగ్ అంటే దయచేసి. బాచా అంటే చదవడం. తొలొంగ్ బాచాకన్ అంటే "దయచేసి చదివి వినిపించండి" అని. సంతకం కింద గీతలు రెండు, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. నీకు ఆ గీతలు కూడా గుర్తున్నాయంటే ఏమనుకోవాలి? ఇంతకాలం దాచావు గదూ. అమ్మకు తెలుసా? తాతయ్య ఉన్నప్పుడు ఆయనకు తెలుసా? పెరటి తలుపులోంచి ఫోటో పెట్టి వెళ్ళడం నీకు దొంగతనంగా కనిపించిందేమో, నాకైతే సినిమాలా కనిపించింది.

నిన్న నేనే ఆయనకు చెప్పేశాను, మా అమ్మమ్మ మీ సంతకం గురించి అడిగిందని. ఆయన పెన్సిలు బల్ల మీద పెట్టి, అంచుకు సమంగా సర్దారు. "గుర్తుందన్నమాట" అన్నారు. మలయ్‌లో కాదు, మన మాటల్లో. ఆయనకు మన మాటలు ఇంత బాగా వచ్చని నాకు అప్పటిదాకా తెలియదు.

అమ్మమ్మ మిమ్మల్ని చూడాలనుకుంటోంది అని ఒక చిన్న అబద్ధం ఆడాను. చూశావా, వచ్చేసింది! వచ్చే గురువారం, 29న, నాలుగింటికి, నీ నిద్ర అయ్యాక రమ్మన్నాను. నీకు చెప్పకుండా ఉంచుదామనుకున్నాను గాని, ఉత్తరంలో ఏదీ దాచలేనని నీకు తెలుసు. మంచి చీర కట్టుకో. ఆ కరిచే చూపు చూడకు.

పిచ్చుక


ఆగస్టు 24, శనివారం

పిచ్చుకా,

కూర్చుని చదువు.

అప్పుడు నాకు ముప్పై ఒకటి. మీ అమ్మకు ఆరేళ్ళు. ఓడరేవు దగ్గర గోదాము కాలింది, లోపల కాపలావాడు ఉండిపోయాడు. ఒక ఓడ కూలీని పట్టుకొచ్చారు. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళుంటాయి. కోర్టు భాష ఒక్క ముక్క రాదు. దుబాసీగా రేవులో బేరాలు కుదిర్చే ఒకాయన్ని తెచ్చారు. ఆయన మధ్యాహ్నం దాకా ఉండి, ఓడ వచ్చింది పనుందని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత కూడా ప్రశ్నలు ఆగలేదు. గోదాములో ఉన్నావా? యా. పొయ్యి వెలిగించావా? యా. లోపల మనిషి ఉన్నాడని తెలుసా? యా. ప్రశ్నను జవాబుగా మార్చి కొట్టడం మా పని. "నేను గోదాములో ఉన్నాను. పొయ్యి వెలిగించాను. లోపల మనిషి ఉన్నాడని నాకు తెలుసు." అతను పలికింది మూడు యాలు. కాగితం మీద మూడు నేరాలు.

ప్రతి వాంగ్మూలం అడుగునా ఒక వాక్యం ఉండాలి. "చదివి వినిపించగా సరియని ఒప్పుకొన్నాడు." అది ఉంటేనే ఆ కాగితానికి విలువ. నాకొక అలవాటుండేది. పొద్దున జడ్జిగారు రాకముందు, చేతులు ఖాళీగా ఉన్నప్పుడు, కాగితాల దొంతర తీసుకుని అన్నిటి అడుగునా ఆ వాక్యం ముందే కొట్టి పెట్టుకునేదాన్ని. చురుకైన మనిషినని బెంచి గుమాస్తా నన్ను మెచ్చుకునేవాడు. ఇతరులు నా దగ్గర నేర్చుకున్నారు కూడా.

ఆ రోజు చదివి వినిపించలేదు. వినిపించడానికి దుబాసీ లేడు. కాగితం అతని ముందు పెట్టాను. అతను దాన్ని చూడలేదు, నన్ను చూశాడు. "తొలొంగ్ బాచాకన్" అన్నాడు. నాకు అర్థం కాలేదు. మళ్ళీ అన్నాడు. మీ అమ్మను బడినుంచి తీసుకురావలసిన వేళయింది. వేలితో సంతకం చోటు చూపించాను. పెట్టాడు. కింద రెండు గీతలు గీశాడు, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి.

పన్నెండేళ్ళు వేశారు.

నిజంగా చేశాడో లేదో నాకు తెలియదు. ఆ రోజూ తెలియదు, ఇవాళా తెలియదు. చదివి వినిపిస్తే అతనే చెప్పి ఉండేవాడు.

నలభై మూడేళ్ళు ఆ రెండు మాటలు నా చెవిలో ఉన్నాయి. తిట్టనుకున్నాను, శాపమనుకున్నాను. శాపమైనా బాగుండేది. దయచేసి అన్నాడని నువ్వు రాశాకే తెలిసింది.

పోలీసుకు చెప్పమంటావేమో. ఏమని చెప్పను? ఒకాయన నా ఫోటో నాకు తిరిగిచ్చాడనా? వడ్రంగి ఎట్టకేలకు నిన్న వచ్చాడు. ముందు తలుపుకు గడియ బిగించమన్నాను. పెరటి తలుపు జోలికి వెళ్ళొద్దన్నాను. ఎందుకన్నానో అడగకు.

నేను రాసిన వాంగ్మూలం దీనితో పెడుతున్నాను, ఆరు వాక్యాలు. వాటిని మలయ్‌లో రాసి గురువారంలోపు అందేలా పంపు. అతనికి అతని భాషలోనే చదివి వినిపించాలి. నువ్వు మాత్రం రావద్దు. ఇది నా సంతకానికి సంబంధించిన వ్యవహారం.

మీ అమ్మమ్మ


ఆగస్టు 27, మంగళవారం

అమ్మమ్మా,

తలుపు తీయకు. దేవుడి మీద ఒట్టు, తీయకు.

నీ ఆరు వాక్యాలూ నేను రాయను. రాసి పంపితే నువ్వు అతన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుంటావు. టీచరుగారికి అంతా చెప్పాను. హాజరు పుస్తకం తీస్తే పేరు ఉండాల్సిన చోట సంతకమే ఉంది, అడ్రసు గడి ఖాళీ. ఆయన్ని ఎవరు రమ్మన్నారో ఎవరికీ తెలియదు. మొదటి బుధవారం తలుపు తీసి ఉంటే లోపలికి వచ్చారట.

మిషనాయన కొట్టుకు ఫోను చేశాను, ఎవరూ ఎత్తలేదు. గురువారం ఎలాగూ ఉండడు. నువ్వు ఫోను ఎత్తు, ఈ ఒక్కసారికి! నాకు గురువారం, శుక్రవారం పరీక్షలున్నాయి. అవగానే బస్సెక్కితే శుక్రవారం సాయంత్రానికి నీ దగ్గరుంటాను. అప్పటిదాకా మిషనాయన ఇంటికి వెళ్ళి కూర్చో.

ఇదంతా నేను చేసిందే. ఆ వెనక తలుపు వాక్యం ఎవరూ అడగలేదు. నేనే చెప్పాను.

పిచ్చుక


ఆగస్టు 30, శుక్రవారం, ఉదయం

పిచ్చుకకు,

దీవెనలు, ఈసారి పూర్తిగా.

నీ ఉత్తరం నిన్న పన్నెండింటికి అందింది. మిషనాయన ఇంటికి వెళ్ళలేదు. ఫోను రెండుసార్లు మోగింది, నువ్వేనని తెలుసు. ఎత్తితే నీ గొంతు విని మిషనాయన ఇంటికి వెళ్ళిపోయేదాన్ని.

నువ్వు ఆరు వాక్యాలు పంపలేదు కాబట్టి నీ పాత ఉత్తరాలు ముందేసుకుని నాకు నేనే పాఠం చెప్పుకున్నాను. డెబ్బై నాలుగేళ్ళకు విద్యార్థిని. వెతికితే దొరికిన మాటలతో రెండు వాక్యాలు అయ్యాయి. "నేను" అనడానికి "సాయా" అనాలని నీ మొదటి ఉత్తరం వెనక రాసిన పాఠంలో చూశాను. సాయా తిదాక్ బాచా. నేను చదవలేదు. సాయా సాలా. తప్పు నాది. అంతకంటే అవసరం లేదనిపించింది.

వీధి తలుపు తీసిపెట్టి, దానికేసి కుర్చీ వేసుకుని కూర్చున్నాను. నాలుగు కొట్టింది. ఎవరూ రాలేదు. వెనకనుంచి గొడుగు నేలకు తగిలిన చప్పుడైంది. తిరిగి చూస్తే వంటగది గుమ్మంలో ఉన్నాడు. ఎంతసేపటినుంచి నిలబడ్డాడో తెలియదు.

ముసలివాడయ్యాడు, నేనూ అంతే. చొక్కా ఇస్త్రీ బాగుంది, నువ్వు చెప్పినట్టే. కూర్చోమన్నాను, కూర్చున్నాడు. టీ ఇచ్చాను, తాగలేదు. నా రెండు వాక్యాలూ చదివాను. అతను విన్నాడు. తల ఊపలేదు. "బెతుల్?" అని అడిగాను.

అప్పుడు జేబులోంచి ఒక కాగితం తీసి నా టేబులు మీద పరిచాడు. పెన్సిలు తీశాడు. అడగడం మొదలుపెట్టాడు.

మన మాటలు అంత బాగా వచ్చిన మనిషి, పిచ్చుకా. మన మాట ఒక్కటి వాడలేదు. అన్నీ అతని భాషలోనే, నీకు చెప్పినంత నెమ్మదిగా కూడా కాదు. ఒక ప్రశ్న, ఆగడం, ఇంకో ప్రశ్న. గొంతు పెంచలేదు. నా పక్కన దుబాసీ లేడు. మొదటి ప్రశ్నకు నాకు తెలియదన్నాను, మన మాటల్లో. అతను ఎదురుచూశాడు. అంతసేపు ఎదురుచూస్తే ఏదో ఒకటి అనాలనిపిస్తుంది. నాకు ఉన్న మాటలు ఎన్ని? యా అన్నాను. రాసుకున్నాడు. మళ్ళీ అడిగాడు. యా అన్నాను. ఎన్నిసార్లన్నానో లెక్కపెట్టలేదు. ముప్పై రెండేళ్ళు సాక్షులను చూసి వీళ్ళెందుకు ఇలా ఒప్పుకుంటారని విసుక్కున్నాను. ఎందుకో తెలిసింది. అలా అంటే ఆ చూపు మన మీదనుంచి కాగితం మీదికి పోతుంది.

కాగితం నిండింది. నావైపు తిప్పాడు. పైనంతా పెన్సిలు రాత. అడుగున ఒక్క వాక్యం మాత్రం సిరాతో ఉంది. ఇంటినుంచే రాసి తెచ్చుకున్నాడు. అందులో నాకు తెలిసిన మాట ఒకటే. బెతుల్.

"తొలొంగ్ బాచాకన్" అన్నాను.

నన్ను చూశాడు. ఇంకోసారి అన్నాను.

వేలితో చోటు చూపించాడు.

సంతకం పెట్టాను. పెట్టకపోతే ఏం చేసేవాడో నాకు తెలియదు, ఏమీ చేసేవాడు కాదేమో. నన్ను ముట్టుకోలేదు, బెదిరించలేదు. ఆ రోజు నేనూ అతన్ని బెదిరించలేదు.

కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. లేచాడు. ఏం ఒప్పుకున్నానో కనీసం అదైనా చెబుతాడేమోనని వెనకే గుమ్మం దాకా వెళ్ళి, "ఎప్పుడు చదివి వినిపిస్తావు? అయిపోయిందా ఇక?" అన్నాను. పెరటి తలుపు దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు.

"బెలుమ్" అన్నాడు.

గొడుగు వంటగది గోడకు ఆనించి వెళ్ళాడు. మరిచిపోయే మనిషి కాదు. వచ్చే గురువారానికి ఇంకా ఆరు రోజులున్నాయి.

నువ్వు ఈ సాయంత్రం వస్తున్నావు కాబట్టి ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. టేబులు మీద, కార్బను నకలుతో సహా పెడుతున్నాను. ఒక కాపీ టీచరుగారికివ్వు. నిఘంటువు తెచ్చావా? సిరా వాక్యం గుర్తున్నంతవరకు వెనక అక్షరం అక్షరం దించి పెట్టాను. వచ్చాక గట్టిగా చదివి వినిపించు, నాకు చెవి సరిగ్గా వినబడకపోయినా సరే.

ఈలోగా నీ టీచరుగారు మళ్ళీ క్లాసులో నేను పోయానా అని అడిగితే తడుముకోకు. జవాబు మొదటి పాఠంలోనే ఉంది.

మీ అమ్మమ్మ